ఊ కొట్టేవారు ఉంటేనే కథ

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచిన ఈ నెలలో మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మిద్దెల మీదా వేపచెట్ల కిందా నలుగురైదుగురు పిల్లలు కూడి తమంతట తాము అల్లుకొన్న సాహస కథల గురించి తల్లులు, తండ్రులు, ఉపాధ్యాయులు, ఒక అవ్వ, ఒక చిన్నారి రాశారు. మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మాది ఉమ్మడి కుటుంబం. మా పిల్లలు, మా బావగారి పిల్లలు కలిపి ఐదుగురు. పెద్దమ్మాయికి 13 ఏళ్లు, అందరికన్నా చిన్నవాడికి 6 ఏళ్లు. ఏప్రిల్‌లో గండికోట చూసి వచ్చినప్పటి నుంచి సాయంత్రమైతే చాలు, మిద్దె మీద చేరి, పెన్నా లోయ అడుగున ఒక రాజ్యం ఉందని, అక్కడికి దారి కోటలోని పాత ధాన్యాగారం గుండా పోతుందని కథ అల్లుతున్నారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. అరగంట గడవకముందే కొట్లాట మొదలవుతుంది. పెద్దమ్మాయి అంతా తాను చెప్పినట్లే జరగాలంటుంది. చిన్నవాడు తన మంత్రపు కత్తితో అందరినీ చంపేశానంటాడు. నడిమివాళ్లు ఏడుస్తూ కిందికి వస్తారు. నేను కల్పించుకోవాలా, వదిలేయాలా?
– ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, మీరు మిద్దె ఎక్కండి. ఎక్కి, ఒక పక్కగా కూర్చొని ఊ కొట్టండి. నా జవాబులో సగం ఇదే.

మన ఇళ్లలో కథ మొదలుపెట్టే ముందు అవ్వలు ఒక షరతు పెట్టేవారు. ఊ కొడితేనే కథ, ఊ ఆగితే కథ ఆగిపోతుంది. పిల్లలు నిద్రపోయారో లేదో తెలుసుకోవడానికే ఈ ఏర్పాటు అని చాలామంది అనుకొంటారు గానీ, ఆ ఒక్క అక్షరంలో మూడు మాటలున్నాయి: నువ్వు చెప్పింది విన్నాను, దాన్ని ఒప్పుకొన్నాను, ఇక ముందుకు సాగించు. అవ్వ చెప్పే కథలో చెప్పేది ఒకరు, ఊ కొట్టేది పదిమంది. మీ మిద్దె మీద చెప్పేవారు ఐదుగురున్నారు, ఊ కొట్టేవారు ఒక్కరూ లేరు. తన వంతు కోసం కాచుకొని కూర్చొన్న పిల్లవాడు పక్కవాడి మాట వినడం లేదు, తాను చెప్పబోయేది లోలోపల సిద్ధం చేసుకొంటున్నాడు. అందుకే ఒకరు కట్టిన గోడను ఇంకొకరు చూడకుండానే కూల్చేస్తున్నారు.

కాబట్టి ఒక చిన్న కట్టుబాటు చేయండి. పెన్నా ఒడ్డున ఏరుకొచ్చిన గులకరాయి ఒకటి మీ ఇంట్లో ఉండే ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వారే కథ చెప్పాలి. తర్వాతి వంతు ఎవరిదో వారే గట్టిగా ఊ కొట్టాలి, తన వంతు రాగానే ముందువాడు చెప్పిన చివరి మాటను తన నోట మళ్లీ చెప్పి అక్కడి నుంచే సాగించాలి. ఒకసారి చెప్పిన మాటను ఎవరూ చెరపకూడదు. చెప్పింది చెరపకూడదన్న ఈ ఒక్క మాట నిలబడితే సగం తగాదాలు వాటంతట అవే తగ్గుతాయి. ఎందుకంటే, నచ్చని మలుపును కొట్టిపారేయడానికి వీలు లేనప్పుడు, దాన్ని దాటుకొని పోయే మరో మలుపును వెతకక తప్పదు. కథ పెరిగేది ఆ వెతుకులాటలోనే.

ఇక చిన్నవాడి కత్తి సంగతి. దయచేసి దాన్ని లాక్కోకండి. ఇంట్లో ప్రతి ఆటలోనూ ఓడిపోయే ఆరేళ్లవాడికి పదమూడేళ్ల అక్కతో సమానంగా నిలబడగలిగిన చోటు ఆ కథ ఒక్కటే, అందులో వాడికున్న బలం ఆ కత్తి ఒక్కటే. కత్తిని ఉండనిచ్చి, దానికి ఉన్న కట్టడి ఏమిటో వాడినే అడగండి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరును ఎవరూ చంపలేరు. వాడు ఎదుటివారిని రాళ్లుగా మార్చగలడు. కానీ వాడి ప్రాణం వాడి దగ్గర లేదు, ఎక్కడో దూరాన ఒక చిలుకలో ఉంది. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు అంత దూరం పోవలసి వచ్చింది కనుకనే మన పెద్దలు ఆ కథను రాత్రంతా కూర్చొని విన్నారు. మంత్రానికి ఒక కట్టడి, ఒక గుట్టు ఉండాలన్నది మన కథలకు తరతరాలుగా తెలిసిన సంగతి. మీ చిన్నవాడిని అడిగి చూడండి: ఆ కత్తి ఒరలోంచి బయటికి వస్తే ఏం పోతుంది? పట్టుకొన్నవాడికి మాట పోతుందా, పేరు మరిచిపోతాడా, మూడుసార్లు వాడితే తుప్పు పడుతుందా? పెద్దలు విధిస్తే ఏడ్చే పిల్లవాడు, తానే విధించుకొమ్మంటే ఎవరూ ఊహించనంత కఠినమైన కట్టడిని పెట్టుకొంటాడు. ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

పెద్దమ్మాయికి నోటుబుక్కు ఇవ్వండి. నిన్న ఏం జరిగిందో రాసి, ఈరోజు మొదట్లో చదివి వినిపించే బాధ్యత ఆమెది. ఆమెలో ఉన్నది పెత్తనం అని మీరు అనుకొంటున్నారు. నాకు మాత్రం, కథ చెదిరిపోతుందేమోనన్న బెంగ అనిపిస్తోంది. జాగ్రత్త చేసే పని తన చేతికి వస్తే ఆ బెంగ తగ్గుతుంది. ఈ మాట అనుభవంతోనే చెబుతున్నాను. జమ్మలమడుగు దగ్గరి మా అమ్మగారి ఊరిలో, పన్నెండేళ్ల వయసులో, నేనూ అలాంటి పెద్దపిల్లనే. నా మాట వినలేదని మా చిన్నమామ కొడుకు పాత్రను కథలోని బావిలోకి తోయించాను. ఆ పిల్లవాడు మూడు రోజులు మిద్దె ఎక్కలేదు. కథలో పడినది పాత్ర అయినా, బయట నొచ్చుకొన్నది మనిషే అని ఆ మూడు రోజుల్లో నాకు తెలిసింది. మళ్లీ కథలోకి తాడు వదిలి వాడిని పైకి లాగేదాకా నాకు నిద్ర పట్టలేదు.

ఇంత చేసినా ఒక్కోరోజు తగాదా వస్తుంది. ఆ రోజుకు కథ చాలించి శనక్కాయలు పంచిపెట్టండి. తీర్పు మాత్రం చెప్పకండి.

ప్రశ్న: కర్నూలు జిల్లాలోని ఒక పల్లె బడిలో ఉపాధ్యాయుడిని. ఆరో తరగతిలో 32 మంది పిల్లలున్నారు. అందరూ కలిసి ఒక సాహస కథ రాయాలని చెప్పాను. వచ్చినవన్నీ ఫోన్ ఆటల్లో, టీవీ కార్టూన్లలో చూసిన మంచు కోటలు, నిప్పు కక్కే డ్రాగన్లు, తుపాకులు పట్టిన వీరులు. పాత్రల పేర్లు కూడా మనవి కావు. పిల్లలకు సొంత ఊహ కలగాలంటే ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: అయ్యా, ఆ డ్రాగన్‌ను తరిమేయకండి. కంటికి కనబడినదాన్ని కథలోకి తెచ్చుకోవడం ఏ కాలపు పిల్లలకైనా సహజమే. తోలుబొమ్మలాట చూసిన తరం ఆ రాక్షసులనే తమ కథల్లోకి తెచ్చుకొంది. మీరు ఒక్క ప్రశ్న అడగండి: ఆ డ్రాగన్ మే నెలలో నీళ్లు ఎక్కడ తాగుతుంది? హంద్రీలో ఇసుక తప్ప ఏమీ ఉండదు, ఊరి చెరువు బీటలు వారి ఉంటుంది, నిప్పు కక్కే జంతువుకు దప్పిక మామూలుగా ఉండదు. ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మొదలైన క్షణం నుంచి ఆ జంతువు మీ పల్లెది అవుతుంది. అది ఏ బావిలో తల పెట్టింది, ఆ బావి ఎవరిది, వారు ఏమన్నారు అని పిల్లలే చెప్పుకుపోతారు, పేర్లు కూడా వాటంతట అవే మారిపోతాయి.

తర్వాత వాళ్లను వీలైతే ఒకచోటికి తీసుకువెళ్లండి, వీలుకాకపోతే ఆ చోటు గురించి చెప్పండి. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలకన్నా మంచి పాతాళలోకం ఏ కార్టూన్‌లోనూ లేదు. పైన చూస్తే చదును నేల. ఆ నేలలో బావిలాంటి గుంతలోకి దిగితే 3,229 మీటర్ల పొడవున కొలిచిన గుహల వరుస. భూగర్భ జలం సున్నపురాతిని యుగాల తరబడి కరిగిస్తూ తొలిచిన దారులవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటి గురించి రాసిపెట్టాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లపాటు వాటిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 1982, 1983 ప్రాంతంలో జర్మనీ నుంచి వచ్చిన గుహ పరిశోధకులు వివరంగా కొలిచారు. 46 మీటర్ల లోతున పాతాళగంగ అనే నీటి పాయ ఉంది. అది రాతి లోపలికి పోయి కనుమరుగవుతుంది. తడితే స్వరం పలికే రాతి ఊడలున్న చోటు కూడా ఉంది. ఇవన్నీ నిజాలు. నిజంలో ఇంత ఉన్నప్పుడు, ఆ నీరు కనుమరుగై ఎక్కడికి పోతుందన్న ప్రశ్న ఒక్కటి చాలు, పదకొండేళ్ల పిల్లలు నెల రోజులపాటు కథ చెబుతారు.

మీ పిల్లల్లో కొందరి ఇళ్లవాళ్లు తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాలకు వజ్రాలు వెతకడానికి వెళ్లి ఉండవచ్చు. అటు వజ్రకరూరులోనూ ఇదే సంగతి. వాన నేలను కడగగానే చెప్పులు విడిచి, తల వంచుకొని, చాలు వెంట చాలు నడిచే జనాన్ని చూసిన పిల్లవాడికి నిధి వేట అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. వాడికి రాళ్ల మెరుపూ తెలుసు, చీకటి పడ్డాక ఉత్త చేతులతో ఇంటికి నడిచిరావడమూ తెలుసు. ఈ రెండోది ఫోన్ ఆటలో దొరకదు. కథకు ప్రాణం పోసేది అదే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కలివి కోడి అనే పక్షి 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకొన్నారు. 1986లో కడప జిల్లా లంకమల కొండల దగ్గరి ముళ్లపొదల్లో అది మళ్లీ బయటపడింది. పగలంతా దాక్కొని రాత్రిపూట తిరిగే పక్షి. లోకమంతా లేదనుకొన్న ప్రాణి మన పొదల్లో, మన చీకట్లో ఉందన్న మాట నేను తరగతిలో చెప్పిన రోజున, వెనక వరుసలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి, అది అన్నేళ్లు ఎవరికి కాపలా కాసిందో అని అడిగింది. ఆ ఏడాది మా తరగతి కథ ఆ ప్రశ్నతోనే మొదలైంది.

32 మందితో ఒకే కథ సాగదు. ఐదారుగురి చొప్పున జట్లు చేసి, గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, పెన్నా నదిని గీయించండి. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, అనంతపురం సీమ మీదుగా వచ్చి, చిత్రావతిని కలుపుకొని, గండికోట దగ్గర కొండను చీల్చుకొని, ఆపైన కుందూను, పాపాఘ్నిని, చెయ్యేరును చేర్చుకొని నెల్లూరు దిక్కుగా సముద్రానికి పోయే నది అది. ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క మజిలీ ఇవ్వండి. ఒక జట్టు కథ ముగిసిన చోట పడవలోనో, మూటలోనో, గాయపడిన పక్షి రూపంలోనో ఏదో ఒకటి తర్వాతి జట్టు చేతికి అందాలి. అందుకొన్నవారు దాన్ని పారేయకూడదు. ఇంతకుమించి నియమాలు పెట్టకండి.

చివరికి ఒక హెచ్చరిక. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిల్లలు పదిహేను రోజులు కష్టపడి ముగించిన కథను చదివి, ఇందులో నీతి ఏమిటని అడిగాను. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకొని, ఐకమత్యమే బలం అని చెప్పి కూర్చొన్నారు. మళ్లీ ఆ ఏడాదంతా నా తరగతిలో ఎవరూ కథ చెప్పలేదు. ఆ తప్పు మీరు చేయకండి. కథ విన్న తర్వాత మీరు అడగవలసినది, ఆ తర్వాత ఏమైందని మాత్రమే.

ప్రశ్న: మా పాపకు 9 ఏళ్లు. పక్కింటి పిల్లలతో కలిసి చెప్పుకొనే కథలో నాయిక తల్లి చనిపోయి ఉంటుంది, ఆమెను వెనక్కి తేవడానికి ఆ పిల్ల దయ్యాల ఊరికి పోతుంది. ఇది విని నా భార్య చాలా నొచ్చుకొంది. పాప మనసులో ఏదైనా బాధ ఉందంటారా?
– ఒక తండ్రి, హిందూపురం

జవాబు: అన్నం తినమని పిలిచే తల్లి ఇంట్లో ఉంటే ఏ పిల్లా ఏడు కొండలు దాటి పోలేదు. అందుకే మన జానపద కథల్లోనూ తల్లి దూరమైన పిల్లలే దారి పడతారు. మీ పాప కథను తిరిగి చూడండి. ఆ పిల్ల తల్లిని పోగొట్టుకోవడం లేదు, తేవడానికి పోతోంది. తల్లి కోసం దయ్యాల ఊరికైనా పోతానని తొమ్మిదేళ్ల పిల్ల చెబుతుంటే, మీ ఇంట్లో అమ్మ ఎంత ముఖ్యమో తెలుస్తూనే ఉంది. ఈ మాట మీ భార్యకు చెప్పండి. పాప ఉల్లాసంగా చెబుతూ, చెప్పిన తర్వాత మామూలుగా తిని నిద్రపోతున్నంతకాలం దిగులు అక్కరలేదు. ఆ భయం కథను దాటి రాత్రి పడకలోకి వచ్చినా, ఆటలు మాని ఒంటరిగా కూర్చొంటున్నా, అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యునితో మాట్లాడండి.

ప్రశ్న: అమ్మా, నాకు 71 ఏళ్లు. మనవళ్లు, మనవరాళ్లు బెంగళూరులో ఇద్దరు, హైదరాబాదులో ఇద్దరు. ప్రతి ఆదివారం ఫోన్‌లో నలుగురూ, నేనూ కలిసి ఒక కథ చెప్పుకొంటున్నాం. కొండారెడ్డి బురుజు కింద నుంచి తుంగభద్ర అడుగున గద్వాల దాకా సొరంగం ఉందని మా చిన్నప్పుడు చెప్పుకొనేవాళ్లం కదా, ఆ సొరంగంలో పోయే కథ. వాళ్ల మాటల్లో సగం ఇంగ్లీషే. సరిదిద్దితే మూతి ముడుచుకొంటారు, ఊరుకొంటే నాకు మనసొప్పదు.
– ఒక అవ్వ, ఆదోని

జవాబు: అవ్వా, మీ ఉత్తరం చదివి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. సరిదిద్దకుండానే తెలుగు అందించే ఉపాయం మీ దగ్గరే ఉంది. మీ ఊలో ఆ మాటను కలిపేయండి. మనవడు కేవ్‌లోకి దూరాడు అంటే, మీరు, ఊ, గవిలోకి దూరాడు, దూరి? అనండి. టన్నెల్ అంటే సొరంగం, సీక్రెట్ డోర్ అంటే దిడ్డివాకిలి, కోట చుట్టూ నీళ్లు అంటే కందకం. మీరు తప్పు పట్టడం లేదు, ఊ కొడుతున్నారు. నాలుగు ఆదివారాలు గడిచేసరికి గవి అన్న మాట వాళ్ల నోట వినబడుతుంది, ఎందుకంటే ఆ మాట వాళ్ల కథలోని చోటు పేరు అయిపోతుంది. దిడ్డివాకిలి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, మనిషి వంగి మాత్రమే దూరగలిగిన ఆ చిన్న తలుపును గురించి తీరికగా చెప్పండి. మీరు చూసిన కోటనో, పాత ఇల్లునో తలుచుకొని చెబితే ఇంకా మంచిది.

వారం రోజులంటే పిల్లలకు చాలా దూరం. నడుమ బుధవారం నాడు, ఆ వారం వంతు ఎవరిదైతే వారు రెండు నిమిషాల మాటను రికార్డు చేసి అందరికీ పంపే ఏర్పాటు చేసుకోండి. ఆ రికార్డులను ఎవరైనా పెద్దవారి చేత ఒకచోట దాచిపెట్టించండి. మీ గొంతు ఉన్నవి తప్పకుండా దాచమనండి.

ప్రశ్న: నేను ఆరో తరగతి. మాది ధర్మవరం. మేము ముగ్గురు స్నేహితురాళ్లం నిరుడు దసరా సెలవుల్లో ఒక కథ మొదలుపెట్టాం. తిమ్మమ్మ మర్రిమానులో ఏడు ఊడల వెనక ఏడు తలుపులు ఉంటాయి, ఒక్కో తలుపు వెనక ఒక్కో లోకం. ఇప్పటికి నాలుగు నోటుబుక్కులు అయిపోయాయి. మాలో ఒకరి నాన్నకు బదిలీ అయింది. జూలైలో వెళ్లిపోతారు. అంతలోగా కథ ముగించాలి, కానీ ముగింపు రావడం లేదు. అంతా కల అని రాసేద్దామా?
– ఒక చిన్నారి, ధర్మవరం

జవాబు: తల్లీ, అంతా కల అని మాత్రం రాయకండి. నాలుగు పుస్తకాల నిండా మీరు ముగ్గురూ కట్టిన ఏడు లోకాలు ఒక్క వాక్యంతో లేకుండా పోతాయి. చెప్పింది చెరపకూడదని కడప అమ్మకు రాసిన మాట మీకూ వర్తిస్తుంది.

మీరు ఎంచుకొన్న చోటు చాలా గొప్పది. ఆ మర్రిమాను సుమారు ఐదెకరాల మేర పరచుకొని ఉంది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మర్రిచెట్టుకు ఒక గుణం ఉంది. కొమ్మ నుంచి దిగిన ఊడ నేలను తాకి వేరు పట్టి మరో మానులా నిలబడుతుంది, ఇక మొదటి మాను ఏదో చూసేవారికి తెలియదు. మీ కథా అలాగే పెరిగింది. కాబట్టి ముగింపును ముందువైపు వెతకకండి, మొదటి మాను దగ్గరికి నడవండి.

ఎలాగంటే, ఏడు చేపల కథ మీకు వచ్చు కదా. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం వచ్చిందంటుంది. గడ్డిమోపును అడిగితే ఆవు మేయలేదంటుంది. ఆవును అడిగితే పాలేరు మేపలేదంటుంది, పాలేరు అవ్వ బువ్వ పెట్టలేదంటాడు, అవ్వ పిల్లవాడు ఏడ్చాడంటుంది, పిల్లవాడు చీమ కుట్టిందంటాడు. చీమను అడిగితే, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది. ఆ మాటతో కథ అయిపోతుంది, ఇక ఎవరూ ఏమీ అడగరు. మీరు ముగ్గురూ ఒక మధ్యాహ్నం కూర్చొని, ఏడో తలుపు ఎందుకు తెరుచుకొందో మొదటి పుస్తకం దాకా వెనక్కి అడుగుతూ పొండి. ఎక్కడో, బహుశా మొదటి పది పేజీల్లోనే, మీరు రాసి మరిచిపోయిన ఒక చిన్న సంగతి కనబడుతుంది. ఎవరో ఏదో తాకి ఉంటారు, ఏదో మాట ఇచ్చి తప్పి ఉంటారు. అదే మీ చీమ. దాని దగ్గరికి మీ ముగ్గురు నాయికలనూ పంపి, దానితో మాట్లాడించండి. ఏడు లోకాల్లోనూ ఉన్న అందరి సంగతీ తేల్చనక్కరలేదు.

ముగింపును ముగ్గురూ ఒకేచోట కూర్చొని రాయండి. ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యం చొప్పున, మీరు మొదట ఎలా మొదలుపెట్టారో అలాగే. నాలుగు పుస్తకాలనూ జిరాక్సు తీయించమని ఇంట్లో పెద్దవారిని అడగండి. అసలు పుస్తకాలు ఊరు వదిలి వెళ్లే అమ్మాయికి ఇవ్వండి, మిగిలిన ఇద్దరికీ మర్రిమాను దగ్గరలోనే ఉంటుంది కనుక. కథ కంచికి, మనం ఇంటికి అన్న మాటను ఆ అమ్మాయి చేతే రాయించండి. మీ చీమ ఏదో తేలిన రోజున నాకు తప్పకుండా ఉత్తరం రాయండి.